జీఈ ఇంజిన్లు, భారత విమానయానం: పటాన్‌చెరు, సంగారెడ్డి వైపు నుంచి ఒక పరిశీలన

జనరల్ ఎలక్ట్రిక్ (జీఈ) అమెరికాకు చెందిన ఇంజిన్ల తయారీ సంస్థ. భారత విమానయానంతో దాని సంబంధం మూడు దారుల్లో పెరిగింది. మొదటిది ప్రయాణికుల విమానాలకు ఇంజిన్లు అమ్మడం, రెండోది తేజస్ యుద్ధ విమానానికి ఇంజిన్లు సరఫరా చేయడం, మూడోది ఆ ఇంజిన్ల విడిభాగాలను ఇక్కడి కర్మాగారాల్లో చేయించుకోవడం. వీటి పక్కనే నాలుగో దారి ఒకటి ఉంది. అది నేల మీద నడిచే యంత్రాలది: సంగారెడ్డి జిల్లా రామచంద్రాపురంలోని భారత్ హెవీ ఎలక్ట్రికల్స్ (బీహెచ్‌ఈఎల్) జీఈ లైసెన్సుతో తయారుచేస్తూ వచ్చిన గ్యాస్ టర్బైన్లు. విమాన ఇంజిన్ చరిత్రలో వీటికి చోటెందుకని అడగవచ్చు. రెండూ ఒకే జాతి యంత్రాలు కాబట్టి, ఒకదానిలో జరిగింది రెండోదానిలో ఏం జరగవచ్చో చెబుతుంది కాబట్టి. నాలుగు దారులనూ కలిపి చూస్తే తేలే విషయం ఒకటే. లైసెన్సు పనితనాన్ని నేర్పుతుంది. నమూనా ఎందుకు అలా ఉందో నేర్పదు. ఆ ‘ఎందుకు’ను సంపాదించుకోవలసింది ఇంజిన్ కొన్న దేశమే.

పేరు గురించి ఒక వివరణ అవసరం. 2024 ఏప్రిల్‌లో జనరల్ ఎలక్ట్రిక్ విడిపోవడం పూర్తయింది. విమాన ఇంజిన్ల వ్యాపారం జీఈ ఏరోస్పేస్‌గా, విద్యుత్ యంత్రాల వ్యాపారం జీఈ వెర్నోవాగా నిలిచాయి. అందువల్ల తేజస్ ఇంజిన్ సంబంధం ఇప్పుడు మొదటి సంస్థతో, రామచంద్రాపురం టర్బైన్ల సంబంధం రెండోదానితో. ఈ వ్యాసంలో విభజనకు ముందు కాలానికి జీఈ అనే పాత పేరే వాడటం జరిగింది.

పారిశ్రామిక నేపథ్యం

హైదరాబాద్ నుంచి ముంబై వెళ్లే జాతీయ రహదారి వెంట రామచంద్రాపురం, పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం, కంది, సంగారెడ్డి వరుసగా వస్తాయి. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడేవరకు ఇదంతా మెదక్ జిల్లా. ఈ ప్రాంతాన్ని చాలామంది మందుల, రసాయనాల కర్మాగారాల వల్ల, వాటి కాలుష్యం మీద నడిచిన పోరాటాల వల్ల గుర్తుపెట్టుకున్నారు. యంత్ర పరిశ్రమ వైపు నుంచి చూస్తే దీనికి ఇంకో ముఖం కనిపిస్తుంది. 1960లలో చెకోస్లోవేకియా సాంకేతిక సాయంతో రామచంద్రాపురంలో భారీ విద్యుత్ యంత్రాల కర్మాగారం వచ్చింది. ఇందిరాగాంధీ మెదక్ లోక్‌సభ సభ్యురాలిగా ఉన్న రోజుల్లో, 1984లో ఎద్దుమైలారంలో ఆయుధ కర్మాగారం మొదలైంది. భానూరులో భారత్ డైనమిక్స్ క్షిపణుల విభాగం ఉంది. కందిలో ఐఐటీ హైదరాబాద్ ఉంది. పటాన్‌చెరు మండలం కర్దనూరులో వెమ్ టెక్నాలజీస్ అనే ప్రైవేటు రక్షణ పరికరాల సంస్థ ఉంది. ఈ పెద్ద సంస్థలకు జాబ్ వర్క్ చేసే చిన్న మెషిన్ షాపులు హైదరాబాద్ వాయవ్య శివార్లలో బాలానగర్ నుంచి పటాన్‌చెరు దాకా పుట్టుకొచ్చాయి. డ్రాయింగ్ చేతికిస్తే అందులోని కొలతకు వెంట్రుకవాసి తేడా లేకుండా ముక్కను చేసిపెట్టడం ఈ షాపుల బలం. ఆ డ్రాయింగ్ గీసినవారు వేరే చోట ఉండటం వాటి పరిమితి. ఎద్దుమైలారంలోనే దీనికి సులువైన ఉదాహరణ దొరుకుతుంది. అక్కడ తయారయ్యే బీఎంపీ-2 పదాతిదళ వాహనం మూలం సోవియట్ నమూనా. దాని ఇంజిన్ తమిళనాడులోని ఆవడి కర్మాగారం నుంచి వస్తుంది. వాహనం ఒక చోట, ఇంజిన్ ఒక చోట, నమూనా ఇంకో దేశంలో. విమానాల విషయంలో ఈ ఎడం మరింత పెరుగుతుంది.

నేల మీది ఇంజిన్: రామచంద్రాపురం పాఠం

గ్యాస్ టర్బైన్ పనిచేసే తీరు జెట్ ఇంజిన్ తీరే. ముందున్న కంప్రెసర్ గాలిని పీల్చి నొక్కుతుంది, మధ్యలో ఇంధనం మండుతుంది, వెనక టర్బైన్ ఆ వేడి వాయువుల శక్తిని తిప్పుడుగా మారుస్తుంది. విమానంలో మిగిలిన శక్తి తోపుగా బయటికి పోతుంది. విద్యుత్ కేంద్రంలో జనరేటర్‌ను తిప్పుతుంది. తేడా బరువులోనూ, పనిచేసే పరిస్థితుల్లోనూ ఉంది. నేల మీది యంత్రం ఎంత బరువున్నా పునాది మోస్తుంది. విమానంలో ప్రతి కిలోకూ లెక్క చెప్పాలి. ఈ రెండు వంశాలు కలిసే చోటు కూడా ఉంది. జీఈ తన విమాన ఇంజిన్ నుంచే ఎల్‌ఎం2500 అనే నౌకా టర్బైన్‌ను తీసింది. 2022 సెప్టెంబరులో నౌకాదళంలో చేరిన విమానవాహక నౌక విక్రాంత్‌ను నడిపేవి అలాంటి టర్బైన్లు నాలుగు.

1980ల మధ్యకాలం నుంచి బీహెచ్‌ఈఎల్ జీఈ లైసెన్సుతో రామచంద్రాపురంలో భారీ గ్యాస్ టర్బైన్లు తయారుచేసింది. 1997లో రెండు సంస్థలూ కలిసి హైదరాబాద్ కేంద్రంగా బీహెచ్‌ఈఎల్-జీఈ గ్యాస్ టర్బైన్ సర్వీసెస్ అనే ఉమ్మడి సంస్థను పెట్టాయి. టర్బైన్ల మరమ్మతు, నిర్వహణ దాని పని. ఈ అనుభవం వల్ల ఒరిగిన మేలు కొట్టిపారేయలేనిది. రోటర్‌ను సమతూకం చేయడం, వేడి భాగాలను విప్పి పరీక్షించి తిరిగి బిగించడం, ప్రతి ముక్కకూ పుట్టుక నుంచి చివరిదాకా కాగితం మీద చరిత్ర నడపడం ఇక్కడి ఇంజినీర్లకూ, ఫిట్టర్లకూ దినచర్య అయింది. కానీ ఇదే అనుభవం రెండు పరిమితులను కూడా చూపింది. టర్బైన్‌లోకి వెళ్లే వాయువు వేడిని పెంచి, కొత్త తరం యంత్రాన్ని రూపొందించే పని లైసెన్సు ఇచ్చినవారి దగ్గరే ఉండిపోయింది. తరం మారితే తీసుకునేవారు మళ్లీ ఒప్పందానికి కూర్చోవలసిందే. రెండోది గిరాకీ. కృష్ణా-గోదావరి బేసిన్‌లో సహజవాయువు ఉత్పత్తి అంచనాలు తలకిందులై, 2013 నాటికి ఆంధ్రప్రదేశ్‌లోని గ్యాస్ విద్యుత్ కేంద్రాలు ఇంధనం లేక ఖాళీగా నిలబడ్డాయి. కొనేవాడు లేనప్పుడు ఎంత నేర్చిన చేయి అయినా పని మరిచిపోతుంది. నమూనా మీద హక్కు లేకపోవడం, ఆర్డర్లు తెగిపోవడం అనే ఈ రెండు లోపాలూ తేజస్ కథలో మళ్లీ ఎదురవుతాయి.

ఆకాశంలో: ప్రయాణికుల విమానాల నుంచి తేజస్ దాకా

పౌర విమానయానంలో జీఈ పాత్ర సూటిగా అమ్మకందారుది. 1976లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ తెచ్చిన ఎయిర్‌బస్ ఏ300 విమానాలకు జీఈ సీఎఫ్6 ఇంజిన్లు ఉండేవి. 1986లో ఎయిర్ ఇండియా ఏ310లకు అదే కుటుంబపు ఇంజిన్లు వచ్చాయి. తర్వాత ఆ సంస్థ బోయింగ్ 777లకు జీఈ90, 787లకు జీఈఎన్ఎక్స్ అమరాయి. చిన్న విమానాల మార్కెట్లో జీఈ ఒంటరిగా కాక, ఫ్రాన్సు సంస్థ స్నెక్మాతో (ఇప్పటి సఫ్రాన్) 1974లో కలిసి పెట్టిన సీఎఫ్ఎం ఇంటర్నేషనల్ ద్వారా వచ్చింది. 2019 జూన్‌లో ఇండిగో తన 280 ఎయిర్‌బస్ విమానాలకు సీఎఫ్ఎం లీప్ ఇంజిన్లను ఎంచుకుంది. ఆకాశ ఎయిర్, ఎయిర్ ఇండియా కూడా లీప్ వైపే వచ్చాయి. ఈ వరుసలో గమనించవలసింది అంకెలకన్నా కాలం. ఏ300 వచ్చాక ముప్పై ఏళ్లు దాటినా, మనం కొన్న ఇంజిన్లలో మన ముక్క చెప్పుకోదగ్గంతగా ఉండేది కాదు. కొనుగోలు పెరిగినంత మాత్రాన నేర్పు పెరగదనడానికి ఇది సాక్ష్యం.

యుద్ధ విమానాల్లో సమస్య ఇంకా పాతది. జర్మన్ రూపకర్త కుర్ట్ టాంక్ ఆధ్వర్యంలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్) తయారుచేసిన హెచ్‌ఎఫ్-24 మారుత్ 1961లో ఎగిరింది. ఆకృతి చక్కనిదే. అనుకున్న ఇంజిన్ దొరకక, తక్కువ బలమున్న బ్రిటిష్ ఆర్ఫియస్‌తోనే జీవితాంతం నెట్టుకొచ్చింది. ఆ చేదు మరిచిపోకుండానే 1983లో తేలికపాటి యుద్ధ విమానం పథకాన్ని, 1989లో దానికి సొంత ఇంజిన్‌గా కావేరి పథకాన్ని ప్రభుత్వం మంజూరు చేసింది. బెంగళూరులోని గ్యాస్ టర్బైన్ పరిశోధన ప్రయోగశాల జీటీఆర్‌ఈకి ఆ బాధ్యత అప్పగించింది. కావేరి సిద్ధమయ్యేదాకా అని తాత్కాలికంగా తెచ్చినది జీఈ ఎఫ్404. 2001 జనవరి 4న తేజస్ తొలిసారి ఎగిరింది ఆ ఇంజిన్‌తోనే. 2008లో కావేరిని తేజస్ నుంచి విడదీశారు. తాత్కాలికం శాశ్వతమైంది.

2021 ఫిబ్రవరిలో 83 తేజస్ మార్క్-1ఏ విమానాలకు ఒప్పందం కుదిరింది. ఆగస్టులో హెచ్‌ఏఎల్ 99 ఎఫ్404-ఐఎన్20 ఇంజిన్లను రూ.5,375 కోట్లకు ఆర్డరిచ్చింది. వాటిలో మొదటిది అందింది 2025 మార్చిలో. ఈలోగా ఇంజిన్ లేని విమానాలు వరుసలో నిలబడ్డాయి. అదే ఏడాది మే 30న కర్దనూరుకు చెందిన వెమ్ టెక్నాలజీస్ మార్క్-1ఏ మధ్య కాయాన్ని, అంటే విమానం నడుము భాగాన్ని, హెచ్‌ఏఎల్‌కు అందజేసింది. ఒక భారతీయ ప్రైవేటు సంస్థ తేజస్‌కు ఇంత పెద్ద భాగాన్ని కట్టి ఇవ్వగలగడం చిన్న విషయం కాదు. 2025 సెప్టెంబరులో మరో 97 విమానాలకు ప్రభుత్వం ఒప్పందం చేసుకుంది, నవంబరులో హెచ్‌ఏఎల్ మరో 113 ఇంజిన్లకు జీఈ ఏరోస్పేస్‌తో సంతకం చేసింది. కాయం ఇక్కడిదై, ఇంజిన్ అక్కడిదైన ఈ అమరికలో విమానం ఎప్పుడు ఎగరాలో నిర్ణయించేది ఇంజిన్ వచ్చే తేదీ.

విడిభాగాల నిచ్చెన

హైదరాబాద్ చుట్టుపక్కల ఇంజిన్ పని గత పదేళ్లలో గట్టిగా పెరిగింది. 2017 డిసెంబరులో జీఈ, టాటా సంస్థలు లీప్ ఇంజిన్ భాగాలను ఇక్కడ చేయడానికి ఒప్పందానికొచ్చాయి. హైదరాబాద్‌లోని టాటా ఏరో ఇంజిన్ల కేంద్రంతో ఆ బంధాన్ని 2023లో 100 కోట్ల డాలర్లకు పైబడిన విలువతో పొడిగించాయి. శంషాబాద్ విమానాశ్రయం పక్కన సఫ్రాన్ 2022 జూలైలో లీప్ భాగాల కర్మాగారాన్ని తెరిచింది. 2025 నవంబరు 26న అక్కడే రూ.1,300 కోట్ల పెట్టుబడితో లీప్ ఇంజిన్ల మరమ్మతు కేంద్రాన్ని ప్రధాని నరేంద్ర మోదీ ప్రారంభించారు. పూర్తి స్థాయికి చేరితే ఏడాదికి 300 ఇంజిన్లను విప్పి బాగుచేసే లెక్కతో దాన్ని కట్టారు. జీడిమెట్లలో మొదలైన ఆజాద్ ఇంజినీరింగ్ విద్యుత్ టర్బైన్లకూ విమాన ఇంజిన్లకూ బ్లేడ్లు చేస్తూ, తునికి బొల్లారంలో కొత్త కర్మాగారాలు కట్టింది. (ఇది సిద్దిపేట జిల్లా ములుగు మండలంలోని ఊరు, పటాన్‌చెరుకు దగ్గరున్న బొల్లారం పారిశ్రామికవాడ వేరు.)

ఇంజిన్ పరిశ్రమను ఒక నిచ్చెనగా ఊహిస్తే మొదటి మెట్టు నిర్వహణ, రెండోది ఇచ్చిన డ్రాయింగ్ ప్రకారం ముక్కలు చేయడం, మూడోది మొత్తం ఇంజిన్‌ను కూర్చి పరీక్షించడం, నాలుగోది వేడి భాగాల లోహాన్నీ తయారీ పద్ధతినీ సొంతంగా సాధించడం, చివరిది కొత్త ఇంజిన్‌ను రూపొందించడం. మన ప్రాంతం మొదటి రెండు మెట్ల మీద గట్టిగా నిలబడింది. మూడో మెట్టు భారతదేశానికి కొత్త కాదు. ఉత్తరాంధ్ర సరిహద్దుకు దగ్గర్లోని ఒడిశా కోరాపుట్‌లో హెచ్‌ఏఎల్ 1960ల నుంచీ మిగ్ విమానాల సోవియట్ ఇంజిన్లను లైసెన్సుతో తయారుచేస్తోంది. అయినా 2024 సెప్టెంబరులో సుఖోయ్-30ల కోసం రూ.26,000 కోట్లకు పైగా విలువైన 240 ఇంజిన్లను ఆ కర్మాగారానికే ఆర్డరిచ్చినప్పుడు, అవి కూడా రష్యా నమూనా ఏఎల్-31ఎఫ్‌పీలే. అరవై ఏళ్ల అనుభవం మూడో మెట్టు మీద చేయి తిరిగేలా చేసింది, నాలుగోదాని మీదికి దానంతటదే ఎక్కించలేదు.

నాలుగో మెట్టు ఎందుకంత కష్టమో తెలియాలంటే ఒక్క టర్బైన్ బ్లేడును చూస్తే చాలు. దాన్ని తాకే వాయువు వేడి ఆ లోహం కరిగే వేడిని మించి ఉంటుంది. అయినా బ్లేడు కరగకుండా నిమిషానికి వేల చుట్లు తిరగాలి. దాని కడుపులో సన్నని దారులు ఏర్పరిచి, కంప్రెసర్ నుంచి మళ్లించిన గాలిని పంపుతారు. చల్లబరచాల్సిన ఆ గాలే కొన్ని వందల డిగ్రీల వేడి మీద ఉంటుంది. బయట పింగాణీ జాతి పూత పూస్తారు. మామూలు పోతలోహంలో రేణువుల మధ్య అతుకులుంటాయి, ఎక్కువ వేడిలో లోహం సాగేదీ పగిలేదీ ముందు అక్కడే. అందుకని బ్లేడు మొత్తం ఒకే స్ఫటికంగా గడ్డకట్టేలా పోతపోస్తారు. డ్రాయింగ్‌లో ఈ బ్లేడు కొలతలన్నీ ఉంటాయి. కరిగిన లోహాన్ని ఏ వేగంతో చల్లబరిస్తే స్ఫటికం చెడకుండా పెరుగుతుందో, ఎన్ని పోతలు పాడయ్యాక అది తెలిసిందో అందులో ఉండదు. ఏ భాగస్వామి అయినా చివరిదాకా చేతిలో ఉంచుకునేది ఈ జ్ఞానాన్నే.

అభ్యంతరాలు, జవాబులు

ఈ వాదానికి మూడు అభ్యంతరాలు రావచ్చు. మొదటిది: ఇంజిన్ కొనుక్కుంటే తప్పేమిటి, స్వీడన్ గ్రిపెన్‌కూ దక్షిణ కొరియా కేఎఫ్-21కూ జీఈ ఇంజిన్లే కదా? నిజమే. కానీ స్వీడన్ తొలి గ్రిపెన్ ఇంజిన్‌ను ఎఫ్404 ఆధారంగా తన వోల్వో సంస్థ చేత మార్పించుకుంది. కొన్నా, కొన్నదాన్ని మార్చగల విద్యను దగ్గర పెట్టుకుంది. అంత చేసినా, గ్రిపెన్‌ను వేరే దేశానికి అమ్మాలంటే అమెరికా అనుమతి కావాలి. మనకు ఇది కేవలం ఊహ కాదు. 1998 పోఖ్రాన్ పరీక్షల తర్వాత అమెరికా ఆంక్షలు తేజస్ పనిని దెబ్బతీశాయి.

రెండోది దీనికి సరిగ్గా ఎదురు దిక్కు నుంచి వస్తుంది: ఇంజిన్లు ఇంత ఆలస్యం చేసిన భాగస్వామిని నమ్మడమే పొరపాటు కదా? ఇక్కడ జీఈ వైపు మాట కూడా వినాలి. ఎఫ్404-ఐఎన్20 రకంలో తొలి 65 ఇంజిన్లు 2016 నాటికే భారత్‌కు చేరాయి. ఆ తర్వాత ఆర్డర్ లేకపోవడంతో ఆ ఉత్పత్తి వరుస మూతపడింది. అయిదేళ్ల తర్వాత ఆర్డరిస్తే దాన్నీ, దానికి ముక్కలిచ్చే సంస్థలనూ మళ్లీ మొదటి నుంచి లేపవలసి వచ్చింది. ఆలస్యంలో జీఈ వాటా ఉంది. కొనడంలో తెగిన మన వరుసకూ వాటా ఉంది. గ్యాస్ కరవుతో ఆంధ్రప్రదేశ్ విద్యుత్ కేంద్రాలు నేర్పిన పాఠమే ఇది. ఎడతెగని గిరాకీ లేనిదే అమెరికాలోనైనా, రామచంద్రాపురంలోనైనా నేర్పు నిలవదు.

మూడోది బలమైనది: కావేరి మీద దశాబ్దాలు, కోట్లు ఖర్చుచేసి ఏం సాధించాం? తేజస్‌ను ఎత్తగల ఇంజిన్ రాలేదు, అది ఒప్పుకోవలసిందే. కానీ ఫలితాన్ని ఒక్క ఇంజిన్‌తోనే కొలిస్తే లెక్క తప్పుతుంది. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధనశాల (డీఎంఆర్ఎల్) 2021 ఏప్రిల్‌లో హెలికాప్టర్ ఇంజిన్ కోసం ఏకస్ఫటిక బ్లేడ్లు 60 హెచ్‌ఏఎల్‌కు ఇచ్చింది. మరుసటి నెలలో, 2,000 టన్నుల ప్రెస్ మీద టైటానియం మిశ్రమలోహాన్ని సమాన వేడిలో నొక్కి, జాగ్వార్, హాక్ విమానాలను నడిపే అడూర్ ఇంజిన్ కంప్రెసర్‌లోని అయిదు దశల డిస్కులనూ తయారుచేయగలిగినట్టు ప్రకటించింది. పక్కనే ఉన్న ప్రభుత్వ లోహ సంస్థ మిధాని ఆ పద్ధతితో డిస్కులు చేసి హెచ్‌ఏఎల్‌కు అందించింది. అడూర్ రోల్స్-రాయిస్, టర్బోమెకాల ఉమ్మడి నమూనా. హెచ్‌ఏఎల్ దాన్ని లైసెన్సుతో చేస్తుంది. లైసెన్సు ఇంజిన్‌లోనే కష్టమైన ముక్కను సొంత పద్ధతితో చేసి పెట్టడమంటే నాలుగో మెట్టు మీద ఒక కాలు వేయడమే. సొంత ఇంజిన్ కోసం ప్రయత్నం నడవకపోతే ఆ పద్ధతి పుట్టదు.

మూల్యాంకనం

జీఈ భాగస్వామ్యాన్ని దానమనీ మోసమనీ రెండు విధాలా అనడం తప్పే. ఇంజిన్ సంస్థ తన లాభం చూసుకుంటుంది; అమ్మదగిన నేర్పును అమ్ముతుంది, అమ్మితే పోటీదారు పుట్టే నేర్పును దాచుకుంటుంది. 2023 జూన్‌లో మరో యుద్ధ విమాన ఇంజిన్ ఎఫ్414ను భారత్‌లో తయారుచేయడానికి హెచ్‌ఏఎల్‌తో అవగాహనకు వచ్చినప్పుడు ‘80 శాతం సాంకేతిక బదిలీ’ అన్న మాట పత్రికల్లో విరివిగా వినబడింది. ఆ 80 కన్నా మిగిలిన 20లో ఏముందన్నది అసలు ప్రశ్న. 2025 ఆగస్టులో రక్షణమంత్రి రాజ్‌నాథ్ సింగ్ సఫ్రాన్‌తో కలిసి యుద్ధ విమాన ఇంజిన్ చేస్తామని ప్రకటించినప్పుడు కూడా అడగవలసింది అదే. లోహం, పూత, చల్లబరిచే దారుల లెక్క, పరీక్షా వేదిక ఎవరి చేతిలో ఉంటాయి?

సంగారెడ్డి, పటాన్‌చెరు ప్రాంతానికి ఈ ప్రశ్న దూరపుది కాదు. టర్బైన్ విప్పి బిగించిన చేతులు రామచంద్రాపురంలో ఉన్నాయి, కొలత తప్పని మెషిన్ షాపులు రహదారి పొడవునా ఉన్నాయి, కందిలో ఐఐటీ, అక్కడే రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీఓ నెలకొల్పిన పరిశోధన కేంద్రం ఉన్నాయి, నగరానికి అటు చివర కంచన్‌బాగ్‌లో లోహవిద్య ఉంది. ఇవి ఒకదానికొకటి పని ఇచ్చుకుంటే, డ్రాయింగ్ ప్రకారం చేసే ప్రాంతం డ్రాయింగ్‌ను ప్రశ్నించే ప్రాంతం కాగలదు. ఇప్పటికైతే తేజస్ నడుము భాగాల్లో కొన్ని ఈ జిల్లా సంస్థ నుంచి వస్తున్నాయి. ఆ విమానాన్ని ఎగరేసే ఇంజిన్ అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, లిన్ పట్టణం నుంచి వస్తోంది.